అప్‌డేట్: పెట్టెలు ఎత్తితే నడుము పట్టేస్తోందని అడిగాను కదా

గోడౌన్‌లో పెట్టెలు ఎత్తీ దించీ నడుము పట్టేస్తోంది, బెల్టు పెట్టుకుంటే తగ్గుతుందా అని అడిగింది నేనే. బెల్టు కొనలేదు. అది గాయాన్ని ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదని డాక్టరు గారు కూడా అన్నారు.

అసలు తేడా అరల దగ్గర వచ్చింది. బరువైన పెట్టెల్ని నేల మీంచి తీయించి నడుము ఎత్తు అరలోకి మార్పించాం. వంగే పనే తగ్గింది. ఇప్పుడు పెట్టెను పొట్టకు ఆనించి పట్టుకుని, నడుము మెలి తిప్పకుండా పాదాలతోనే తిరుగుతున్నాను. పనిచోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉంటేనే ఒకరు ఎత్తదగ్గ బరువు హద్దు 23 కిలోలు. వంగినా, ఒంటికి దూరంగా పట్టుకున్నా ఆ హద్దు ఇంకా పడిపోతుంది. ఇది సూపర్‌వైజరు గారికి చూపించాకే ట్రాలీ వచ్చింది.

టేపు అంటించే చేతి మణికట్టు నొప్పి మాత్రం ఇంకా ఉంది. ఆ పని ఇద్దరం మార్చుకుంటూ చేస్తున్నాం. వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే రమ్మన్నారు డాక్టరు గారు.