యూకేలో గ్యాస్, కరెంటు బాకీ ఉండగా కంపెనీ మారవచ్చా?

నమస్కారం అండీ. మేం లెస్టర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను, మా ఆయన, ఏడాదిన్నర పాప. మీటర్ రీడింగ్ పంపకపోతే అంచనా బిల్లే వేస్తారని మాకు తెలియలేదు. నెలనెలా 95 పౌండ్లు పోతుంటే అంతా సరిగ్గానే ఉందనుకున్నాం. పోయిన నెల కంపెనీవాళ్లే వచ్చి రీడింగ్ తీసుకుని, 20 నెలలకు కలిపి గ్యాస్‌కు 550, కరెంటుకు 310 పౌండ్లు బాకీ అన్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

తప్పు కంపెనీదైతే 12 నెలలు దాటిన వాడకానికి బిల్లు వేయకూడదని ఆఫ్‌జెమ్ (గ్యాస్, కరెంటు కంపెనీలను నియంత్రించే సంస్థ) నిబంధన ఉంది కదా. వాళ్లు రీడింగ్ అడగలేదు, మేం పంపలేదు. అది మాకు వర్తిస్తుందా? ఇలా వాదించి తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకో కంపెనీకి మారదామంటే, బాకీ 28 రోజులు దాటితే పాతవాళ్లు ఆపవచ్చట. ప్రీపేమెంట్ మీటర్ (ముందే డబ్బు వేసుకుని వాడే మీటర్) ఉంటే గ్యాస్‌కు, కరెంటుకు ఒక్కో దానికి 500 పౌండ్ల వరకు బాకీతోనే మారవచ్చంటున్నారు. కానీ చలికాలం రాత్రి బ్యాలెన్స్ అయిపోతే పాపతో ఏం చేయాలి? అదే నా భయం.

బాకీ ఆరు నెలల్లో తీర్చమంటున్నారు, మా వల్ల కాదు. మీరు నెలకు ఎంతకు ఒప్పించారు? ఫోన్‌లో మాట్లాడారా, రాతపూర్వకంగా అడిగారా? ముందు సిటిజన్స్ అడ్వైస్ (ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) దగ్గరికి వెళ్లడం మంచిదా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.