అప్‌డేట్: పాత రంద మిషన్ ఇప్పుడు నున్నగా తీస్తుంది

నల్లగొండలో తుక్కు కింద కొన్న పాత మిషన్, రంద, కోత రంపం, డ్రిల్లు అన్నీ ఒకే దాంట్లో ఉన్నది, చెక్క మీద అలలు తీస్తుందని అడిగిన కదా. కుదిరిందన్నా!

6205 నంబరు బేరింగులు రెండూ మార్చినంక అదురు తగ్గింది గానీ అలలు పోలే. అసలు సంగతి బ్లేడ్ల దగ్గరుంది. మీరు చెప్పినట్టే ప్లగ్గు పీకి, వెనక బల్ల (కోసినంక చెక్క పోయే వైపుది) మీద తిన్నని చెక్క పెట్టి, కట్టర్‌ను, అంటే బ్లేడ్లు బిగించిన రోలర్‌ను, చేత్తో మెల్లగ తిప్పిన. ఒక బ్లేడు చెక్కను ముందుకు జరుపుతుంది, రెండోది తాకనే తాకలే. అంటే కోసేది ఒక్కటే! రెండిటినీ సమానంగ లేపి, వెనక బల్లను వాటి అంచు ఎత్తుకు తెచ్చిన. మోటరు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, పుల్లీలు మోటరుకు 6, కట్టర్‌కు 2 అంగుళాలు. లెక్కకు కట్టర్ నిమిషానికి 4320 చుట్లు తిరుగుతుంది, రందకు బాగా సరిపోతుంది.

వేప పలక మీద చెయ్యి రాస్తే ఇప్పుడు ఎక్కడా తగలట్లే. రంపానికి గార్డు లేదు, చేయించేదాక దాన్ని ముట్టను.