ఐపీ అడ్రస్‌ల బదులు పేర్లు: పింగ్ వెళ్తోంది, ఎన్ఎస్‌లుకప్‌లో దొరకడం లేదు

ప్రశ్న:
ఆరు మెషీన్లున్న నెట్‌వర్క్. బ్యాకప్ స్క్రిప్టుల్లో, డేటాబేస్ సెట్టింగుల్లో 192.168.1.20 లాంటి నంబర్లే ఉన్నాయి. రౌటర్ ఈ మెషీన్ల అడ్రస్‌లు మార్చినప్పుడల్లా ఫైళ్లన్నీ వెతికి దిద్దాల్సి వస్తోంది. అందుకని లినక్స్ మెషీన్ హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరు ఏ నంబరుదో రాసుకునే ఫైలు) ఆ నంబరుకు ‘బ్యాకప్’ అని పేరు పెట్టాను. ఆ పేరుతో పింగ్ వెళ్తోంది, పేరుకు నంబరు వెతికే ఎన్ఎస్‌లుకప్ కమాండ్ మాత్రం అలాంటి పేరే లేదంటోంది. తప్పెక్కడ?

జవాబు 1:
తప్పేమీ లేదండీ. ఎన్ఎస్‌లుకప్ హోస్ట్స్ ఫైలు చూడదు, నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే (పేరు చెబితే నంబరు ఇచ్చే సర్వర్) అడుగుతుంది. ‘గెటెంట్ హోస్ట్స్ బ్యాకప్’ అని కొట్టి చూడండి, అది ఆ ఫైలు కూడా చూస్తుంది కాబట్టి నంబరు వస్తుంది.

అయితే పేరు పెట్టినంత మాత్రాన అడ్రస్ మారకుండా ఆగదు. ముందు రౌటర్‌లో డీహెచ్‌సీపీ (మెషీన్లకు అడ్రస్‌లు పంచే పద్ధతి) రిజర్వేషన్ పెట్టి, ఆ మెషీన్ మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) 192.168.1.20 ఖాయం చేయండి. ఆ తర్వాత హోస్ట్స్ ఫైల్లో లైను ఇలా ఉండాలి, నంబరే ముందు:

192.168.1.20 బ్యాకప్.ఇంటర్నల్ బ్యాకప్

‘డాట్ ఇంటర్నల్’ను 2024లో ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ ప్రైవేటు నెట్‌వర్కులకే వదిలేసింది. ‘డాట్ లోకల్’ జోలికి పోకండి, అది ఎండీఎన్ఎస్‌ది (సర్వర్ లేకుండా మెషీన్లే ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి). పేర్లలో అండర్‌స్కోర్ కూడా వద్దు, హైఫన్ వాడండి.

జవాబు 2:
ఆరు మెషీన్లలో ఆరు హోస్ట్స్ ఫైళ్లంటే ఎప్పుడో ఒకటి దిద్దడం మరిచిపోతారు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్ ఒకదానిలో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ సర్వర్ పెట్టి, రౌటర్ డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా దాని అడ్రస్ ఇవ్వండి.

డీఎన్ఎస్‌మాస్క్ తానున్న మెషీన్ హోస్ట్స్ ఫైలు చదివి అందరికీ జవాబిస్తుంది. చిక్కంతా ఇక్కడే. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫైల్లో మెషీన్ సొంత పేరు ఎదురుగా 127.0.1.1 (ఏ మెషీన్ వాడితే ఆ మెషీన్‌నే సూచించే అడ్రస్) ఉంటుంది. అదే మిగతావాళ్లకూ వెళ్తే, ఆ పేరు అడిగిన ప్రతి మెషీనూ తన తలుపే తాను తట్టుకుంటుంది. కాబట్టి ఆ ఫైలు చదవకుండా ‘నో-హోస్ట్స్’ పెట్టి, పేర్లు వేరే ఫైల్లో రాసి, దాన్ని ‘యాడ్ఎన్-హోస్ట్స్’తో (కాన్ఫిగ్‌లో ఏ, డీ, డీ, ఎన్ అని రాసి, హైఫన్, హోస్ట్స్) చూపించండి. పేర్లు మార్చాక సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలు.

రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వాళ్ల 8.8.8.8 మాత్రం ఇవ్వొద్దు. దానికి మీ పేర్లు తెలియవు. ఏ మెషీన్ ఎప్పుడు దాన్ని అడుగుతుందో చెప్పలేం, పేరు ఒకసారి దొరికి ఇంకోసారి దొరకదు.

జవాబు 3:
మిగతాచోట్ల పేర్లు వాడినా, ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) రూల్స్‌లో నంబరే ఉంచండి. పేరు రాసినా, రూల్ వేసే క్షణంలో ఒక్కసారే దాన్ని నంబరుగా మార్చుకుంటుంది. తర్వాత అడ్రస్ మారినా రూల్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. పైగా బూట్ అయ్యేటప్పుడు డీఎన్ఎస్ ఇంకా లేవకపోతే ఆ రూల్ అసలు ఎక్కదు.