వెన్నెముక కీహోల్ సర్జరీలో సీ-ఆర్మ్ రేడియేషన్‌ను తగ్గించుకునేదెలా?

ప్రశ్న (స్పైన్ ఫెలో, విశాఖపట్నం):
పెద్దలకు నమస్కారం. చిన్న గాట్ల ద్వారా పెడికిల్ (వెన్నుపూస వెనుక ఉండే సన్నని ఎముక భాగం) స్క్రూలు వేసేటప్పుడు ఎముక కంటికి కనిపించదు కాబట్టి, సూది మోపిన దగ్గర నుంచి స్క్రూ బిగించేదాకా అడుగడుగునా సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలోనే ఎక్స్-రే చిత్రాలు చూపే యంత్రం) మీదే ఆధారపడవలసి వస్తోంది. లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ షీల్డ్ వేసుకుంటున్నాను. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి అందిన రేడియేషన్‌ను కొలిచేది) పెట్టుకుంటున్నాను. అయినా చేతులకూ కళ్లకూ రక్షణ లేదన్న ఆందోళన ఉంది. మా ఆసుపత్రిలో నావిగేషన్ (స్కాన్ చిత్రాల ఆధారంగా కంప్యూటర్ దారి చూపే పద్ధతి) లేదు. ఉన్న పరికరాలతోనే ఏం చేయవచ్చో దయచేసి చెప్పండి.

జవాబు (స్పైన్ సర్జన్, హైదరాబాద్):
అన్నిటికంటే ముందు, లేటరల్ వ్యూలో (పక్క నుంచి తీసే చిత్రంలో) మీరు ఎటువైపు నిలబడుతున్నారో చూసుకోండి. రోగి శరీరాన్ని తాకి చెదిరే కిరణాలు ఎక్కువగా ట్యూబ్ (కిరణాలు వెలువడే భాగం) వైపుకే వెనుదిరుగుతాయి కాబట్టి, మీరు డిటెక్టర్ (కిరణాలను అందుకునే భాగం) వైపు ఉండాలి. ఏపీ వ్యూలో (ముందు-వెనుక దిశలో తీసే చిత్రంలో) ట్యూబ్ బల్ల కిందే ఉండాలి. ఎక్స్-రే షాట్ తీసే క్షణంలో వెనక్కి జరగండి. దూరం రెట్టింపైతే మోతాదు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక చేతుల సంగతి. సూదిని వేళ్లతో కాక పొడవాటి ఫోర్సెప్స్‌తో పట్టుకోండి. లెడ్ గ్లవ్స్ ఉన్నాయన్న ధీమాతో చేతిని నేరుగా కిరణాల్లో పెడితే, యంత్రం దానంతటదే మోతాదు పెంచుతుంది. ఒక్కో సూదికీ ఏపీ, లేటరల్ మార్చి మార్చి చూడకుండా, ఏపీలోనే సూదులన్నిటినీ పెడికిల్ లోపలి గోడ దాటకుండా దాని దగ్గరి వరకు తీసుకువెళ్లి, ఆ తర్వాత ఒక్కసారి లేటరల్‌కు తిప్పి అన్నిటినీ కలిపి సరిచూడడం నాకు అలవాటు. కొత్తలో ఓపిక కావాలి గానీ, షాట్లు బాగా తగ్గుతాయి.

జవాబు (ఓటీ రేడియోగ్రాఫర్, గుంటూరు):
డాక్టర్ గారూ, కేసు మొదలయ్యే ముందే టెక్నీషియన్‌తో ఒక్క నిమిషం మాట్లాడండి. పల్స్ మోడ్ (కిరణాలు ఆగి ఆగి వచ్చే పద్ధతి), లో డోస్ పెట్టమనండి, అవసరమైన వెన్నుపూసల వరకే కిరణాలు పడేలా కొలిమేట్ చేయమనండి, మ్యాగ్నిఫికేషన్ వద్దనండి. ఏపీకి, లేటరల్‌కు చక్రాలు ఎక్కడ ఆగాలో నేల మీద ప్లాస్టర్ ముక్కలు అంటిస్తే, చోటు వెతుక్కుంటూ తీసే వృథా షాట్లు ఉండవు. ఏప్రాన్‌లను మడతపెట్టి ట్రాలీ మీద పడేస్తే లోపల పగుళ్లు వస్తాయి. హ్యాంగర్‌కు వేలాడదీయించి, ఏటా ఒకసారి ఫ్లోరోస్కోపీ (సీ-ఆర్మ్ ఎక్స్-రే) కింద పరీక్షించమనండి.

జవాబు (మెడికల్ ఫిజిసిస్ట్, చెన్నై):
మన దేశంలో అణుశక్తి నియంత్రణ సంస్థ అయిన ఏఈఆర్‌బీ నిబంధన ప్రకారం వృత్తిరీత్యా శరీరానికి అందే మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. కంటి కటకానికి సిఫారసు చేసే వార్షిక పరిమితిని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో 150 నుంచి 20కి తగ్గించింది. ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర ఉన్న బ్యాడ్జి కళ్ల సంగతి చెప్పదు. కాలర్ దగ్గర, ఏప్రాన్ బయట మరొకటి కావాలని మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ను అడగండి. నావిగేషన్ లేదని బెంగపడకండి. నావిగేషన్ కోసం తీసే స్కాన్ వేళ సిబ్బంది బయటికి వెళ్లడం వల్ల వారికి మేలే గానీ, రోగికి అందే మోతాదు కొన్నిసార్లు పెరుగుతుంది.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. లెడ్ కళ్లద్దాలు ఎలాంటివి కొనాలి సర్?

మెడికల్ ఫిజిసిస్ట్:
పక్కలు కూడా మూసి ఉన్నవే కొనండి. షాట్ సమయంలో మీ ముఖం మానిటర్ వైపు ఉంటుంది, చెదిరిన కిరణాలు రోగి వైపు నుంచి, అంటే మీ చెంప పక్కగా వస్తాయి. వీలైతే మానిటర్‌ను బల్లకు అవతల, మీకు ఎదురుగా పెట్టించండి.