విదేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు అక్కడి భోజనమా, మన భోజనమా?

పెన్నా తీరం (నెల్లూరు):
మలేషియా, సింగపూర్ చూడడానికి ఒక్కడే బయలుదేరుతున్న మా వీధి కుర్రవాడికి పెద్దలు చెప్పిన మొదటి జాగ్రత్త, ఆవకాయ, కందిపొడి, కారప్పూస సర్దుకొమ్మనీ, విమానం దిగగానే మన హోటలు ఎక్కడుందో కనుక్కొమ్మనీ. వారి ఆదరాన్ని నేను తప్పు పట్టను. కాని ఒంటరిగా వెళ్ళినవాడు అక్కడి భోజనాన్ని వదులుకుంటే, అక్కడి మనుషుల పక్కన కూర్చునే అవకాశాన్ని కూడా వదులుకున్నట్టే. నలుగురు కలిసి వెళ్ళినవారు బల్ల దగ్గర తమలో తాము మాట్లాడుకుంటారు. ఒంటరివాడు పక్కవాడి పళ్ళెం చూసి అదేమిటని అడుగుతాడు. సభ్యులు ఏమంటారు?

ఒంగోలు వాసి:
పెన్నా తీరం గారూ, మీ మాట అన్నీ తినగలిగిన పాతికేళ్ళ ఆరోగ్యవంతుడికి సరిపోతుంది. నేను శాకాహారిని, పైగా మధుమేహానికి మందులు వాడుతున్నవాడిని. థాయిలాండ్‌లో కూరగాయలు మాత్రమే కనిపించే వేపుడులో కూడా చేపల నుంచి తీసిన ఉప్పటి రసం పడుతుంది. జపాన్‌లో చాలా పులుసులకూ చారులకూ ఎండబెట్టిన చేప పొరలు నానబెట్టి తీసిన నీళ్ళే ఆధారం. తోడున్నవారికి కడుపు చెడితే మజ్జిగ కలిపి ఇచ్చే మనిషి పక్కనే ఉంటుంది, ఒంటరివాడు మాత్రం ఆ నీరసంతోనే భాష తెలియని ఊళ్ళో మందుల దుకాణం వెతుక్కోవాలి. కనుక మన హోటలు వెతుక్కోవడాన్ని పిరికితనంగా చూడకండి.

కావలి ఉపాధ్యాయిని:
పిరికితనమని ఎవరూ అనలేదండీ. చేపల రసం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం, అయితే అది ముందుగా తెలుసుకుని వెళ్ళమని చెప్పే కారణమే తప్ప మానేయమని చెప్పే కారణం కాదు. థాయిలాండ్‌లోనే పసుపు రంగు గుడ్డ మీద ఎర్రటి అక్షరం ఉన్న జెండా కట్టిన దుకాణాలలో మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మన ఇళ్ళలో వ్రతం నాటి వంట అంత నియమంగా ఉంటుంది.

ఇక కడుపు సంగతి. తిండి మనదా, పరాయిదా అన్నదాన్ని బట్టి కడుపు చెడదు. వండి ఎంతసేపయింది, ఎలా ఉంచారు అన్నదాన్ని బట్టి చెడుతుంది. మధ్యాహ్నం వండి రాత్రి వేడి చేసి పెట్టిన మన కూర కంటే, కళ్ళెదుట బాణలిలో నుంచి పొగలతో పళ్ళెంలోకి వచ్చిన నూడుల్స్ నయం. సింగపూర్‌లో ప్రభుత్వ పర్యవేక్షణలో నడిచే హాకర్ సెంటర్లకు వెళితే వరుసగా చిన్న చిన్న దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు ఉంటాయి. అక్కడ ఒక్కరే కూర్చుని తినడం ఎవరికీ వింతగా తోచదు. ఆ సంస్కృతిని 2020లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో అటువంటి ఒక దుకాణానికే, సోయా కోడి అన్నం అమ్మేదానికి, మంచి వంటకు హోటళ్ళకిచ్చే మిషెలిన్ నక్షత్రమనే గుర్తింపు దక్కింది.

నెల్లూరు వారికి మరొక మాట. మలేషియాలోని మలక్కాలో అసమ్ పెడాస్ అనే పులుసు దొరుకుతుంది. చింతపండు, ఎండుమిరప ముద్ద, బెండకాయలు, వంజరం లాంటి చేప ముక్కలు, కొబ్బరిపాలు లేని పలుచటి ఎర్రటి పులుసు; అన్నంలో కలుపుకుంటే పులుపూ కారమూ మనకు తెలిసినవే అనిపిస్తాయి, ఆ వెంటనే అల్లం జాతి పూమొగ్గ వాసన వచ్చి ఇది మన మామిడికాయ చేపల పులుసు కాదని తెలుస్తుంది. ఇంటి రుచికి ఇంత దగ్గరగా ఉండి ఇంత వేరుగా ఉన్నదాన్ని వదిలేసి, అక్కడ కూడా ఇడ్లీ వెతుక్కోవడం నాకు బాధగా ఉంటుంది.

కందుకూరు ఆడపడుచు:
ఉపాధ్యాయిని గారితో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేర్చాలి. ఒంటరిగా వెళ్ళే ఆడవారికి ఏం తినాలన్నదాని కంటే ఎప్పుడు, ఎక్కడ తినాలన్నదే పెద్ద ప్రశ్న. కొత్త రుచులన్నీ మధ్యాహ్నం, స్థానికులు కిక్కిరిసి ఉండే వేళ చూసుకుని, రాత్రికి బస దగ్గరే తేలికగా ముగించడం మేలు. ఈ విషయంలో జపాన్ చాలా సుఖం: రామెన్ అనే నూడుల్స్ పులుసు అమ్మే అనేక దుకాణాలలో ద్వారం దగ్గరి యంత్రంలో డబ్బు వేసి చీటీ తీసుకుని, వంటవాడి ఎదుట ఒంటి కుర్చీలో కూర్చోవచ్చు, టిప్పు ఇవ్వనక్కరలేదు. ఇటలీలో మాత్రం చాలాచోట్ల బిల్లులో మనిషికి ఇంత అని కూర్చున్నందుకు రుసుము కలుపుతారు. అది మోసమని గొడవ పడకండి.

ఒంగోలు వాసి:
పసుపు జెండా సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలు. మధ్యాహ్న భోజనం వరకు మీ మాట ఒప్పుకుంటాను. ఉదయం మాత్ర వేసుకున్నాక వేళకు తిండి పడకపోతే కళ్ళు తిరిగే నాలాంటివారు, ఉదయపు పూటకు మాత్రం తెలిసిన తిండినే నమ్ముకోవాలని ఇప్పటికీ అంటాను. ఇంటి నుంచి పొడులు, పచ్చళ్ళు తీసుకువెళ్ళేవారు ఆ దేశపు నిబంధనలు ముందే చదువుకోవాలి. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు సంచిలో తినుబండారాలుంటే ఆ సంగతి అధికారులకు ముందే ప్రకటించాలి, దాచితే జరిమానా వేస్తారు.