హైదరాబాద్ ఎఫ్‌సీ పతనం: డబ్బుకూ గెలుపుకూ ఉన్న సంబంధం ఏమిటి?

ప్రశ్న (మలక్‌పేట అభిమాని):
2022 మార్చిలో గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ట్రోఫీని గెలుచుకున్న మన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి ఒకే ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. అంత పెద్ద విజయం క్లబ్బుకు ఆర్థికంగా ఎందుకు అక్కరకు రాలేదు?

సమాధానం (సికింద్రాబాద్ నుంచి):
ట్రోఫీతో వచ్చే నగదు బహుమతి క్లబ్బును పోషించలేదు. ఏడాది పొడవునా ఆటగాళ్ల జీతాలు, ప్రయాణాలు, మైదానం అద్దె, శిక్షణ సిబ్బంది ఖర్చు ఉంటాయి కాబట్టి యజమాని చేతి నుంచి డబ్బు పడుతూనే ఉండాలి. అది ఆగిన తర్వాత ఏం జరిగిందో మనం చూశాం: జీతాలు బకాయిపడ్డాయి, ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు, కొత్తవారిని నమోదు చేసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధించింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, చివరికి భారమంతా కుర్రవాళ్ల మీద పడింది. ఓటములు ఆ కుర్రవాళ్ల తప్పు కానే కాదు.

సమాధానం (ఉప్పల్ నుంచి):
క్రికెట్‌ను కూడా గమనించండి. 2008లో ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్, మరుసటి ఏడాదే గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దక్షిణాఫ్రికాలో ఐపీఎల్ గెలిచింది. జట్లన్నింటికీ ఒకే ఖర్చు పరిమితి ఉన్నచోట ఎంపిక, నాయకత్వం తేడా చూపిస్తాయి. అయితే యాజమాన్యం ఆర్థికంగా కుంగినప్పుడు ఆ టైటిల్ కూడా కాపాడలేదు. 2012లో బీసీసీఐ ఆ ఫ్రాంచైజీని రద్దు చేయగా, ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు సన్ టీవీ హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. 2016లో టైటిల్ గెలిచింది ఆ సన్‌రైజర్సే.

సమాధానం (లాల్‌దర్వాజా నుంచి):
నా ఉద్దేశంలో, డబ్బు ఎంత ఉందన్న దానికంటే అది వేళకు అందుతుందా అన్నదే ముఖ్యం. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ ఆటగాళ్లేమీ కోటీశ్వరులు కారు. పోలీసు శాఖలో ఉద్యోగం, నెలనెలా జీతం ఉన్నవారు. రేపటి ఇంటి ఖర్చు గురించి దిగులు లేని మనిషికి ఆట మీద ధ్యాస నిలుస్తుంది. అందుకే ప్రతి క్లబ్బూ సీజన్ మొదలు కాకముందే ఆటగాళ్ల పూర్తి జీతానికి బ్యాంకు హామీ చూపాలని, చూపలేని యజమానికి జట్టును అప్పగించకూడదని అభిమానులమంతా గట్టిగా అడగాలి.