సాయంత్రం మందు మానేసినవాళ్లు ఆ గంట ఎలా గడుపుతున్నారు? గ్లాసులో ఏం పోసుకుంటున్నారు?

ఏడింటి_గ్లాసు
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా నాకు ఆఫీసు నుంచి రాగానే రెండు పెగ్గులు అలవాటు. తాగి గొడవ చేసింది లేదు, ఉద్యోగానికి నాగా పెట్టింది లేదు. కానీ ఆరు నెలలుగా రాత్రి మూడింటికి ఠక్కున మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, ఒళ్లంతా చెమట. ఇక తెల్లారేదాకా నిద్ర ఉండదు. పొద్దున్న మా పాప ఏదో చెబుతుంటే చెవిన పడుతోంది కానీ బుర్రకెక్కడం లేదు. అందుకే మానేశాను. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

పగలంతా మందు గుర్తుకే రాదు. ఏడు కొట్టేసరికి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతున్నాను. మంచినీళ్లు తాగితే ఏదో మందుబిళ్ల మింగినట్టుంది. మీరు ఎలా గట్టెక్కారో చెప్పండి.

అల్లం_నిమ్మ
తొమ్మిది రోజులంటే చిన్న విషయం కాదు అన్నా. నా సంగతి చెబుతాను. మానేసిన కొత్తలో నేను గ్లాసులన్నీ అటక మీద పడేశాను. అదే తప్పయింది. తర్వాత ఆ పాత గ్లాసునే దింపాను. అడుగు మందంగా, చేతికి బరువుగా ఉండే గ్లాసు. నాలుగు ఐస్ ముక్కలు వేస్తాను. అల్లం తురిమి గుడ్డలో పిండితే ఒక చెంచాడు రసం వస్తుంది. అందులో అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పైన బాగా చల్లటి సోడా. తీపి అస్సలు వేయను.

మొదటి గుక్క గొంతులో సురుక్కుమంటూ దిగుతుంది. నేను విస్కీలో ఇన్నాళ్లూ వెతుక్కున్నది ఆ మంటేనని అప్పుడు తెలిసింది. పైగా మంచినీళ్లయితే గటగటా తాగేసి గ్లాసు పక్కన పెట్టేస్తాం. ఘాటుగా ఉన్నదాన్ని గుక్క గుక్కగానే తాగాలి. ఒక్క గ్లాసుతో నలభై నిమిషాలు గడుస్తాయి. ఆ నలభై నిమిషాలు దాటితే ఇక మనసు పీకదు. నాకైతే అంతే.

రాత్రి_డ్యూటీ
నేను నర్సుని. ఆ మూడు గంటల మెలకువ గురించి రోగుల దగ్గర తరచూ వింటుంటాను. మందు పడగానే మెదడులో గాబా అనే రసాయనం పని పెరుగుతుంది, గ్లుటమేట్ పని తగ్గుతుంది. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు అనుకోండి. అందుకే ఒళ్లు తేలికైనట్టుంటుంది. కానీ మెదడు ఊరుకోదు, ఆ బ్రేకుకు ఎదురుగా యాక్సిలరేటర్ని తొక్కుతూనే ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉండే దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్‌ని లివర్ కరిగించడానికి సుమారు గంట, కొందరికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నడిరాత్రికి మందు దిగిపోతుంది, తొక్కిన యాక్సిలరేటర్ మాత్రం అలాగే ఉంటుంది. ఆ దడ, ఆ చెమట దానివల్లే. కలలు వచ్చే నిద్ర కూడా రాత్రి మొదటి సగంలో తగ్గిపోతుంది. మానేసిన కొత్తలో విపరీతంగా కలలు వస్తే కంగారుపడకండి, ఆ నిద్ర తిరిగి వస్తోందన్నమాట.

ఇది చదువుతున్నవాళ్లందరికీ ఒక మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ బాగా ఎక్కువ తాగేవాళ్లు, పొద్దున్నే చేతులు వణికేవాళ్లు ఇక్కడి పోస్టులు చూసి రేపటి నుంచి సోడా అని ఒక్కసారిగా ఆపకూడదు. ఆఖరి పెగ్గు తర్వాత కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి చలించి, లేనివి కనబడే స్థితి రావచ్చు. ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. డాక్టరు దగ్గరుండి మందులిచ్చి మాన్పిస్తారు. ముందు అక్కడికే వెళ్లండి.

కొత్త_పేజీ
నాది బీరు కథ. వారంలో ఐదు రోజులు తాగేవాణ్ని. ఎనిమిది నెలలుగా జీరో బీరుతో, అంటే ఆల్కహాల్ తీసేసిన బీరుతో, నడిపిస్తున్నాను. డబ్బా తెరిచినప్పుడు వచ్చే ఆ చప్పుడు, నురగ, నాలుక చివర చేదు... మొదటి గుక్కకే భుజాలు కిందికి దిగుతాయి. అందులో ఏమీ లేదని తెలిసినా దిగుతాయి. దీని మీద పాత ప్రయోగం ఒకటుంది. 1973లో అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త బృందం కొందరికి వట్టి టానిక్ నీళ్లు (చేదుగా ఉండే సోడా), కొందరికి వోడ్కా కలిపిన టానిక్ ఇచ్చింది. గ్లాసులో నిజంగా ఏముందన్నదానితో సంబంధం లేకుండా, వోడ్కా ఉందని నమ్మినవాళ్లే ఎక్కువ తాగారు. నమ్మకానికి అంత బలం ఉంది. దాన్ని మనవైపు ఎందుకు తిప్పుకోకూడదు?

కొనేటప్పుడు లేబుల్ మాత్రం చూడండి. 0.0 అన్నదీ, ఆల్కహాల్ లేనిది అని మాత్రమే రాసి ఉన్నదీ ఒకటి కాదు. చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉన్నా అలా రాసుకోవచ్చు. మామూలు బీరు తయారుచేసి, ఆవిరిగానో వడపోతలోనో ఆల్కహాల్ తీసేస్తారు కాబట్టి కాస్త మిగులుతుంది. బాగా మగ్గిన అరటిపండులోనూ కాస్త ఆల్కహాల్ ఉంటుంది, అంత మాత్రానికి మత్తు రాదు. కానీ కొందరికి ఆ కాస్త కూడా పనికిరాదు.

మూడో_ఏడాది
ఆ కొందరిలో నేనొకణ్ని. కొత్త_పేజీ గారూ, మీకు పనికొచ్చింది, సంతోషం. నా అనుభవం వేరు, ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది.

నేను పొద్దున్నే తాగే స్థితి దాకా వెళ్లినవాణ్ని. ఆసుపత్రిలో చేరి మానేశాను. ఏడు నెలలు ఒక్క చుక్క ముట్టలేదు. ఒక పార్టీలో స్నేహితుడు ప్రేమగానే జీరో బీరు తెచ్చిపెట్టాడు. మొదటి సీసా బాగుంది. రెండోది తాగుతుంటే ఏదో వెలితి. మూడోది సగంలో ఉండగా నోరు అసలుదాన్ని అడిగింది. ఆ రాత్రి మొదలుపెడితే మళ్లీ ఆపడానికి నాలుగు నెలలు పట్టింది. నాది బలహీనత అనుకుని చాలాకాలం కుమిలిపోయాను. తర్వాత తెలిసింది. 2013లో ఇండియానా యూనివర్సిటీ వాళ్లు 49 మంది మగవాళ్లకు పావుగంటలో 15 మిల్లీలీటర్ల బీరు మాత్రమే చుక్కలుగా నాలుక మీద వేసి మెదడు స్కాన్ తీశారు. మత్తు ఎక్కకముందే, రుచికే డోపమిన్, అంటే మెదడులో ఇంకా కావాలనిపించే రసాయనం, పెరిగింది. దగ్గరి బంధువుల్లో తాగుడు వ్యసనం ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. మా నాన్నా అలాగే పోయారు.

కాబట్టి వ్యసనం నుంచి బయటపడ్డవాళ్లకు నా విన్నపం: మందును గుర్తుచేసే రుచి, రంగు, సీసా ఏదీ వద్దు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవాళ్లయితే 0.5 శాతం కూడా ముట్టకండి, ఒంటికి పడదు. నేను పూర్తిగా వేడి వైపు వెళ్లాను. పెద్ద మట్టి కప్పు నిండా పుదీనా వేసి మరిగించిన నీళ్లు. రెండు చేతులతో పట్టుకుంటే వేడికి అరచేతులు మెత్తబడతాయి. చల్లారేదాకా ఆగాలి కాబట్టి మనమూ నిదానిస్తాం.

సగం_కప్పు
మూడో_ఏడాది గారూ, ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. మా అన్నయ్యకు చూపించాను.

నాది వైన్ అలవాటు. పిల్లలు పడుకున్నాక ఒక గ్లాసు, అది రెండయ్యేది. ఒకరోజు కూర్చుని నిజాయతీగా రాసుకున్నాను, ఆ గ్లాసు నాకేమిస్తోందని. వచ్చిన జవాబు: ఇక నన్నెవరూ పిలవరు. అంతే. నాకు కావలసింది డ్యూటీ దిగానన్న గుర్తు. ఇప్పుడు అదే సమయానికి అదే కుర్చీలో దానిమ్మ రసంలో సోడా కలుపుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటాను. ఫోను వేరే గదిలో ఉంటుంది. పిల్లలు లేచినా ఆ ఇరవై నిమిషాలు మావారే చూసుకుంటారు. ఈ ఒప్పందం లేకపోతే గ్లాసులో ఏం పోసినా నాకు పనిచేసేది కాదు.

ఇంకో సంగతి, ఆకలి. ఆరున్నరకి కాస్త ఏదైనా తింటే ఏడింటి లాగుడు సగానికి సగం తగ్గింది. ఇన్నాళ్లూ ఆకలినే టెన్షన్ అనుకున్నాను. అలాగని తియ్యటి రసాలు సీసాలకు సీసాలు తాగకండి, నాకు మొదటి నెలలో బరువు పెరిగింది. సాయంత్రం టీ, కాఫీ కూడా చూసుకోండి. తాగిన ఐదారు గంటలకు కూడా కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం 0.0 అని స్పష్టంగా ఉంటేనే తీసుకోండి.

ఏడింటి_గ్లాసు
మళ్లీ వచ్చాను. ముప్ఫై మూడు రోజులైంది, మధ్యలో ఒకరోజు తప్పాను. పదహారో రోజు ఆఫీసులో పెద్ద మాటల యుద్ధం. ఇంటికొచ్చి రెండు పెగ్గులు వేసేశాను. సరిగ్గా మూడింటికి లేచాను. చీకట్లో కూర్చుని రాత్రి_డ్యూటీ గారి పోస్టు మళ్లీ చదువుకున్నాను. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసేసరికి భయం తగ్గింది. మర్నాడు యథావిధిగా అల్లం సోడా.

మెలకువ ఇప్పుడు వారానికి ఒకసారి వస్తోంది, వచ్చినా దడ లేదు. స్నేహితుల దగ్గర ఏం చేయాలా అని బెంగపడ్డాను కానీ చేతిలో గ్లాసు నిండుగా ఉంటే ఎవరూ అడగడం లేదు. మొన్న ఒకడు మాత్రం పక్కకు పిలిచి, నీ గ్లాసులో ఏముందో నాకూ పొయ్యి అన్నాడు.

అల్లం_నిమ్మ గారూ, ఒక సందేహం. రోజూ తాగుతుంటే కడుపులో మంటగా ఉంటోంది. ఏం చేయమంటారు?

అల్లం_నిమ్మ
చెంచాడు ఎక్కువైనట్టుంది, పావు చెంచాకి తగ్గించండి అన్నా, నిమ్మ కూడా నాలుగు చుక్కలు చాలు. ఖాళీ కడుపుతో వద్దు, సగం_కప్పు గారు చెప్పినట్టు ముందు ఏదైనా తినండి. అయినా తగ్గకపోతే అల్లం మానేసి నాలుగు పుదీనా ఆకులు నలిపి సోడాలో వేసుకోండి. గ్లాసు మాత్రం మార్చకండి.